బిస్కెట్ల వ్యానులో దివిసీమకి

మీకు మూడు సంగతులు చెప్పాలి. చెప్పేదాకా నా నోరు ఊరుకునేలా లేదు. మొదటిది, నేను బియ్యెస్సీ ప్యాసయ్యాను. మా ఇంట్లో ఇదివరకు ఎవరూ వేలిముద్ర దాటి ముందుకు పోలేదు కాబట్టి ఈ సంగతి పెడనలో ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి చెప్పాను, మీకూ చెప్తున్నాను. రెండోది, మా నాన్న బండి కొన్నాడు. కారు కాదు, వ్యాను. మూడోది చివర్లో చెప్తాను. అది దక్కుతుందో లేదో బయల్దేరేటప్పుడు మాకే తెలీదు, మీకు ముందే ఎందుకు తెలియాలి?

మాది అద్దకం పని. చెక్క అచ్చులతో దుప్పట్ల మీదా పరదాల మీదా పువ్వులూ లతలూ వేస్తాం. నేను డిగ్రీ ప్యాసైతే కారు కొంటానని నాన్న ఎప్పుడో మా వీధరుగు మీద నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కాలేజీలో నలభైమందికి చెప్పాను. తీరా ప్యాసయ్యాక నాన్న బెజవాడ వెళ్ళి ఒక పాత వ్యాను తోలించుకొచ్చాడు.

"కారులో మనుషులే పడతారమ్మాయ్. ఇందులో మనుషులూ పడతారు, దుప్పట్లూ పడతాయి" అన్నాడు.

కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. ముందు సీట్లో ఇద్దరు కూచోవచ్చు. వెనక అంతా ఇనప పెట్టె. ఇనప నేల, దాని నిండా వరసగా బోల్టుల తలకాయలు, రెండు తలుపులు, గాలికి ఓ జల్లెడ కిటికీ. మాకంటే ముందు దాన్ని ఒక బిస్కెట్ల కంపెనీ వాడుకుంది. పక్క రేకు మీద బుగ్గల ఆవిడ ఒకత్తి బిస్కెట్టు కొరుకుతూ ఇంకా నవ్వుతూనే ఉంది. రంగులు వేసేవాడు ఆషాఢం వెళ్ళాక వస్తానన్నాడు. ఆవిడ అలాగే ఉండిపోయింది.

అప్పుడే నాకు కాయితం వచ్చింది. దివిసీమలో, అవనిగడ్డకి అవతల ఒక ఊళ్ళో హైస్కూలుకి సైన్సు టీచరు కావాలి. సోమవారం ఉదయం పది గంటలలోగా వచ్చి రిజిస్టరులో సంతకం చెయ్యవలెను, లేనిచో ఆ స్థానము మరొకరితో భర్తీ చేయబడును అని రాసి ఉంది. నన్ను దింపడానికి నాన్న, అమ్మ, బండి తోలడానికి మా బాబాయి ఏడుకొండలు బయల్దేరారు. బాబాయి డ్రైవింగు నేర్చుకుని అప్పటికి మూడువారాలైంది.

అమ్మకి ఆ బండి ఎక్కడమంటే సిగ్గు. "కార్ల సీట్లకి గలేబులుంటాయి, దీనికి ఏదో ఒకటి పరవకపోతే ఎలా?" అని ఇనప నేల మీద నాలుగు గోతాలు పరిచి, వాటి మీద మా ఇంట్లో అద్దకానికి సిద్ధంగా ఉన్న కొత్త తాను ఒకటి మడతలు పెట్టి వేసింది. ఆ గుడ్డ సంగతి మీకు తెలియాలి. అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ నీళ్ళలో, గేదెపాలు కలిపి నానబెట్టి ఆరేస్తాం. లేత పసుపుగా, మెత్తగా ఉంటుంది. దానికి తడి ఇనుము తగిలిందా, తగిలినచోటల్లా నల్లబడిపోతుంది. మా నల్లరంగు కూడా అసలు అలాగే పుడుతుంది. అందుకే మా పెరట్లో ఆ గుడ్డ ఆరేసిన రోజున ఇనప బకెట్టు పట్టుకుని ఎవరూ అటు నడవరు.

"అమ్మా, కింద ఇనుము" అన్నాను.

"మధ్యలో గోతాలున్నాయి కదే. పొడిగుడ్డకేం అవుతుంది? మంగళవారానికి ఇంటికొచ్చేస్తుంది" అంది. నేనూ ఊరుకున్నాను. బియ్యెస్సీలో నాది కెమిస్ట్రీ.

బందరు

శనివారం పొద్దున్నే ముందు బందరు వెళ్ళి కాలేజీలో సర్టిఫికెట్టు తీసుకున్నాను. గేటు దగ్గర నాతో చదువుకున్న అమ్మాయి ఒకత్తి వాళ్ళ నాన్నగారి కారు దిగుతూ మా బండి కేసి చూసి, "నాంచారూ, మీ కారేదీ?" అంది.

నేను నోరు తెరిచేలోగా బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి "ఇదేనండి. కాస్త ఒళ్ళు చేసింది" అన్నాడు.

ఆ అమ్మాయి పరీక్ష తప్పింది. కారులో వచ్చి, తప్పిన మార్కుల కాయితం పుచ్చుకుని, కారులోనే వెళ్ళిపోయింది. అంత మెత్తని సీటు మీద ఆ కాయితం బరువు తెలుస్తుందో లేదో.

చిలకలపూడిలో అమ్మ నాకు రోల్డుగోల్డు గాజులు రెండు జతలు కొంది. టీచరు చేతులు బోసిగా ఉండకూడదట. దుకాణదారుడు "ఆరేళ్ళు రంగు పోదమ్మా" అన్నాడు. బయటికి రాగానే బాబాయి "బండికి కూడా ఓ పూత వేయించేద్దామా వదినా, కారనుకుంటారు" అన్నాడు. అమ్మ గుడివాడ దాకా మరిదితో మాట్లాడలేదు.

మధ్యలో ఒక చిన్న అపశ్రుతి. నాన్న నాకు కొనిచ్చిన పెన్ను సంచిలో బండి కుదుపులకి కక్కేసింది. ఇంకు మొత్తం చేతిగుడ్డ తాగేసింది. అప్పటికి అదేం పెద్ద సంగతి అనిపించలేదు.

గుడివాడ

గుడివాడలో మా పెద్దమ్మ ఇల్లు. పెద్దనాన్నకి ధాన్యం వ్యాపారం, ఒక నల్లకారు ఉన్నాయి. నన్ను ఆ కారులో బడికి తీసుకెళ్ళి దింపుతానని ఆయన ఉత్తరం రాయించాడు. ఆ భరోసా మీదే అమ్మ ఇల్లు కదిలింది.

కారు పాకలో ఉంది. దాని మీద మేం అద్దిన దుప్పటే కప్పి ఉంది. మేం మనుషులం చలికి కప్పుకునే దుప్పటి ఆయన జూన్ నెలలో కారుకి కప్పాడు. ఆదివారం సినిమాకి తప్ప అది బయటికి రాదట. వచ్చినప్పుడు కూడా నలుగురు తొయ్యాలట. పాలేర్లు నాకా మాట చెవిలో చెప్పారు.

పెద్దనాన్న వీధిలోకి వచ్చి, బిస్కెట్టు కొరికే ఆవిడని నఖశిఖపర్యంతం చూశాడు.

"ఏవిటి తమ్ముడూ ఇది? అమ్మాయిని ఉద్యోగంలో చేర్చడానికా, బిస్కెట్లు దింపడానికా?"

నాన్న నవ్వి ఊరుకున్నాడు. బాబాయి ఊరుకోడు. "రెండూనండి. దింపేవాటిలో అమ్మాయొకటి."

సాయంత్రం హోటలుకి తీసుకెళ్ళాడు బాబాయి. గుడివాడ హోటళ్ళలో ఇడ్లీ మా పెడన ఇడ్లీలో సగం ఉంటుంది. ధర మాత్రం రెండింతలు. రెండు ఇడ్లీలకి పాతిక నయాపైసలు పుచ్చుకుని, పైగా చెమ్చాలు రెండు పెట్టారు. చెమ్చాతో ఇడ్లీ తినడం పట్నవాసమట. ఆ చెమ్చా దెబ్బకి నా ఇడ్లీ ముక్క ఎగిరి పక్క బల్ల ఆయన కాఫీలో పడింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి కాఫీ తాగేశాడు. గుడివాడలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఆదివారం పొద్దున పెద్దనాన్న సిల్కు లాల్చీ తొడుక్కుని కారు తుడిపించాడు. అంతా బాగానే ఉంది. నాన్న ట్రంకుపెట్టె తెచ్చి కారులో పెట్టబోయాడు.

"ఆగు తమ్ముడూ. నే చెప్పేది విను. అమ్మాయి నాతో ముందు కారులో వస్తుంది. మీరు ఆ బండిలో వెనకాల రండి. కాస్త వెనకాల. బడి దగ్గర మాత్రం గేటు లోపలికి రాకండి. పెద్దమనుషులతో నేను మాట్లాడుకుంటాను. మీరు కనపడితే అమ్మాయికే నష్టం."

నాన్న "సరేనండి" అన్నాడు. అంత తొందరగా అన్నాడు, నాకది ఇప్పటికీ గుర్తుంది. అమ్మ కూడా తలూపింది. నన్ను చదివించడానికి చేతులకంటిన రంగు దిగకుండా పనిచేసిన ఇద్దరు మనుషులు గేటు బయట నిలబడాలట. ఆ సిల్కు లాల్చీ లోపలికెళ్ళి నా తరఫున మాట్లాడుతుందట. ఆయన చదివింది మూడో తరగతి.

నేను వ్యాను వెనక తలుపు తీసి ఎక్కి కూచున్నాను.

"నేనిందులో వస్తాను పెద్దనాన్నా."

"నీ ఖర్మ. ఆ బండిలో వెళ్తే ఉద్యోగం కాదు కదా, గేటు కూడా తియ్యరు" అన్నాడాయన. అమ్మ మొహం పాలిపోయింది. దారి పొడుగునా ఆ మాటే ఆవిడ గుండెల మీద కూచుంది. గేటు తియ్యరేమో, పది దాటుతుందేమో, పిల్ల చదువు బూడిదలో పోసినట్టవుతుందేమో అని. నాకు మాత్రం కారు పిచ్చి ఆ క్షణాన వదిలింది. జ్వరం దిగినట్టు దిగింది.

పామర్రు

పామర్రు సెంటర్లో కిళ్ళీకొట్టు దగ్గర ఒక ఆసామీ బండికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆగవయ్యా ఆగు! ఎన్నాళ్ళకి దొరికావు! దసరాకి పోయినవాడివి మళ్ళీ ఇప్పుడా రావడం?"

"మేం బిస్కెట్ల వాళ్ళం కాదు బాబాయిగారూ" అన్నాడు మా బాబాయి.

"కాకపోతే ఆవిడెవరు?" అని బుగ్గల ఆవిడ కేసి వేలు చూపించాడు.

"మా ఆవిడ కాదండి, ఒట్టు."

కొట్టాయన లోపలికెళ్ళి ఒక రేకుడబ్బా తెచ్చి మూత తీశాడు. "మెత్తబడిపోయినయ్. గేదెకి పెడితే గేదె నా కేసి చూసింది. మార్చి ఇస్తావా ఇవ్వవా?"

నాన్న దిగి, ఇది పాత బండి అనీ, మేం అద్దకం వాళ్ళమనీ నెమ్మదిగా చెప్పాడు. కొట్టాయన నమ్మలేదు. వెనక తలుపు తీసి చూశాడు. నేనూ, అమ్మా, ట్రంకుపెట్టె.

"మా అమ్మాయి. బియ్యెస్సీ" అన్నాడు నాన్న. దారిలో ఎవరితో మాట కలిసినా ఆ మాట ఎక్కడో ఒకచోట పెట్టకుండా ఉండలేకపోయాడు.

"అయితే చదువుకున్నదానివి నువ్వే చెప్పమ్మా, ఇది తినేదేనా?" అని నా చేతిలో ఒక బిస్కెట్టు పెట్టాడు. కొరికాను. తడిసిన అట్ట. "కాదండి" అన్నాను.

"విన్నారుగా! బియ్యెస్సీ చెప్పింది!" అని సెంటరంతా వినపడేలా అరిచి, డబ్బా మా బండిలో పడేశాడు. "తీసుకెళ్ళి మీ కంపెనీవాళ్ళ మొహాన కొట్టండి." నా డిగ్రీకి మొట్టమొదటి గౌరవం అలా పామర్రులో దక్కింది. బిస్కెట్లు దారిలో కాకులకి వేశాం. డబ్బా అమ్మ దాచింది. మూత ఉన్న డబ్బా దొరికితే మా అమ్మ ప్రాణం పోయినా పారెయ్యదు.

మోపిదేవి

చల్లపల్లి మీదుగా మోపిదేవి చేరేసరికి ఎండ వాలింది. రాత్రికి అక్కడి సత్రంలోనే ఉండి పొద్దున్నే బయల్దేరదామనుకున్నాం. సుబ్రహ్మణ్యస్వామి గుళ్ళో పుట్టలో పాలు పోసి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి నైవేద్యం పెట్టాం. మా వైపు పిల్లలకి చెవులు ఇంటి దగ్గరే కంసాలి వచ్చి కుడతాడు. ఇక్కడికి దానికోసం ఎక్కడెక్కడినించో బళ్ళు కట్టుకుని వస్తారు. ఒక్కో చెవికీ ఒక్కో ఏడుపు, ఒక్కో మేనమామ ఒళ్ళో. ఆ గోలంతా చూస్తూ చెట్టు కింద చిమ్మిలి తింటుంటే ఎంత బావుందో చెప్పలేను.

మా పక్కనే ఒక కారు ఆగింది. అందులోవాళ్ళు దిగి, దణ్ణం పెట్టి, మళ్ళీ కారెక్కి, అద్దాలు బిగించుకుని లోపలే పులిహోర తిన్నారు. జూన్ నెలలో, అద్దాలు బిగించుకుని! చెమటలు కారుతున్నా ఎవరూ దించలేదు. దించితే కారులో కూచున్నట్టు ఎలా తెలుస్తుంది? ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దావిడ వాళ్ళ దగ్గరికెళ్ళి "అయ్యా, అవనిగడ్డ దాకా" అని అడిగింది. లోపలాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఈగని తోలినట్టు.

ఆవిడ మా దగ్గరికొచ్చింది. "ఇది సరుకుల బండేగా బాబూ? నేనూ సరుకునే అనుకో. పొద్దున్నే కాస్త దింపు."

పేరు నాగరత్నం. సముద్రం పక్క పల్లె. ఎండుచేపలు ఊరూరా తిరిగి అమ్ముతుంది. సత్రం వసారాలో మాతోపాటే పడుకుంది. నేను వెళ్ళే బడి పేరు చెప్పగానే లేచి కూచుంది.

"ఓసి నా తల్లో, ఆ సైన్సు పంతులమ్మవి నువ్వా? ఆ బడి ప్రెసిడెంటు ఇంటికి వారం వారం నేనే చేపలు పోస్తా. ఆ కుర్చీ వాళ్ళ మేనల్లుడికి అట్టిపెట్టారమ్మా. పైనుంచి కాయితం నీ పేర వచ్చిందని కడుపుమంట. పది గంట కొట్టేలోగా పుస్తకంలో నీ చెయ్యి పడకపోతే ఆ అబ్బాయిదేనంట. గుమాస్తా వంటింటి గుమ్మంలో నవ్వుతా చెప్తుంటే నా చెవులారా విన్నాను."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కారులో వెళ్ళి ఉంటే..." అంది.

"కారులో వెళ్ళుంటే ఈ మాట నీకెవరు చెప్పేవారు వదినా?" అన్నాడు బాబాయి. మూడురోజుల్లో ఆయన వేళాకోళం లేకుండా అన్న మాట అదొక్కటే.

పులిగడ్డ దాటాక

తెల్లవారుజామున మొదటి వాన కొట్టింది. జల్లెడ కిటికీలోంచి జల్లు పడి బండిలో పరిచిన గుడ్డ చెమ్మగిల్లింది. గోతాలు నీళ్ళు తాగాయి. అమ్మ గుడ్డ ఎత్తి విదిలించి మళ్ళీ పరిచింది. ఏడింటికే బయల్దేరాం. పులిగడ్డ అక్విడెక్టు మీంచి పోతుంటే కింద కృష్ణ, పక్కన కాలవ, ఒకదాన్ని ఒకటి పలకరించకుండా దేని దారిన అది. అంత మంచి చోటు ఆగి చూడ్డానికి కూడా వీల్లేకపోయింది. పది గంటల గడువు మెడమీద కూచుంది.

అవనిగడ్డలో నాగరత్నాన్ని దిగమంటే దిగలేదు. "ఆ కుర్రాడి మొహం చూడాలి నేను" అని కూచుంది. అడ్డదారి కూడా ఆవిడే చూపించింది. కరకట్ట పక్కన నల్లమట్టి దారి. రెండు మైళ్ళు కలిసొస్తుందట. కలిసొచ్చేదే, చక్రాలు దిగబడకపోతే.

ఆ మట్టి గురించి మా పెడన వాళ్ళకి చెప్పినా నమ్మరు. మనిషి కాలు పెడితే చెప్పు ఉంచుకుని కాలు తిరిగి ఇస్తుంది. బండి వెనక చక్రాలు సగం దాకా పోయాయి. బాబాయి ఇంజను ఎంత అరిపిస్తే అంత లోపలికి దిగాయి.

"గోతాలు" అన్నాడు నాన్న.

నాలుగు గోతాలూ లాగి చక్రాల కింద వేశాం. నేనూ, అమ్మా, నాగరత్నం, నాన్న తోశాం. నా తెల్లచీర మోకాలు దాకా ఎత్తి దోపాను. పెద్దనాన్న కారు తొయ్యడానికి నలుగురు కావాలన్నారు కదా, దానికి బురద కూడా అక్కర్లేదు. మాది నలుగురం తోస్తే బురదలోంచి బయటికొచ్చింది. గోతాలు మాత్రం ఆ మట్టే ఉంచుకుంది. తొమ్మిదయింది. వెనక తలుపులు తీసి, ఎవరం ఏమీ ఆలోచించకుండా, ఆ చెమ్మగుడ్డని ఉత్త ఇనప నేల మీద పరిచి దాని మీద కూచున్నాం. మా ఇంట్లో అయిదేళ్ళ పిల్ల కూడా చెయ్యని పని. ముగ్గురం అద్దకం వాళ్ళం, అందులో ఒకత్తి కెమిస్ట్రీ.

బడి

తొమ్మిదీ నలభైకి గేటు దగ్గర ఆగాం. గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చి బుగ్గల ఆవిడని చూశాడు. ఆయనే గుమాస్తా.

"హాస్టలు వంటిల్లు వెనకవైపు. అటు తిప్పు" అన్నాడు బాబాయితో.

"సైన్సు టీచరు గారండి" అన్నాడు బాబాయి.

"ఎక్కడ?" అని గుమాస్తా మా వెనక దారి కేసి చూశాడు, కారేదో వస్తోందన్నట్టు. నేను ఇనప తలుపు తీసుకుని దిగాను. ఆయన గేటు తియ్యలేదు. పక్కనున్న చిన్న తలుపు తీశాడు, మనిషి ఒంగి దూరేది. ఒంగి దూరాను. నా వెనకే అమ్మా, నాన్నా, తట్టతో నాగరత్నం.

వరండాలో కుర్చీలో ఒక అబ్బాయి కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో బంగారు క్లిప్పు పెన్ను. మేనల్లుడు.

"హెడ్మాష్టరు గారు పదిన్నరకి వస్తారు" అన్నాడు గుమాస్తా.

"సంతకానికి ఆయనెందుకండి? రిజిస్టరు ఇవ్వండి."

రిజిస్టరు ఇచ్చాడు. కలం కూడా ఇచ్చాడు. ఇంకుబుడ్డి నా ఎదురుగా బోర్లించి చూపించాడు. ఒక్క బొట్టు రాలలేదు. "వేసవి సెలవుల్లో ఎండిపోయింది. బంట్రోతు అవనిగడ్డ నుంచి తేవాలి. మధ్యాహ్నం అవుతుంది. పెన్సిలు చెల్లదు, వేలిముద్ర టీచర్లకి పనికిరాదు." గోడ గడియారం పదికి తక్కువ పదమూడు నిమిషాలు చూపిస్తోంది.

నా పెన్ను బందరు దారిలోనే కక్కేసింది కదా. మేనల్లుడి కేసి తిరిగి "ఒక్కసారి మీ పెన్ను ఇస్తారా?" అన్నాను.

ఆయన జేబు మీద చెయ్యేసుకున్నాడు. "ఇంకొకరు రాస్తే పాళీ వంకరపోతుందండి."

బి.ఏ. చదివిన మనిషి. పాళీ వంకరపోతుందట!

గుమాస్తాకి హుషారొచ్చింది. నా వెనకవైపు చూసి నవ్వాడు. "అయినా మీకు ఇంకేం తక్కువండీ? చీర నిండా పోసుకునే వచ్చారుగా. అందులో ముంచి రాయండి."

అమ్మ గభాల్న నా వెనక్కి వచ్చింది. నా తెల్లచీర మీద నాలుగు వరసల నల్లచుక్కలు. బండిలో బోల్టులు ఎన్నున్నాయో అన్ని. ఎక్కినప్పుడు లేవు. చెమ్మగుడ్డలోంచి చీరకి దిగి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతూ వచ్చాయి.

"ఇనుము తాకిందే! తాను మొత్తం పోయింది" అని అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గుమాస్తా ముందు నిలబడి అమ్మ ఇంక ఏడ్చేస్తుందనుకున్నాను. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అబద్ధం ఎందుకు?

కానీ ఆయన అన్న మాట చెవిలోనే ఉంది. అందులో ముంచి రాయండి.

"అమ్మా, నీ దగ్గర కరక్కాయ ఉందా?"

మా అమ్మకి ఎప్పుడూ దగ్గు. బుగ్గన కరక్కాయ ముక్క లేకుండా ఉండదు, కొంగున ఇంకోటి కట్టుకునే ఉంటుంది. నేను మాట పూర్తిచేసేలోగా అమ్మకి అర్థమైపోయింది. కొంగు ముడి విప్పుకుంటూ ఆ చిన్న తలుపులోంచి దూరి బండి దగ్గరికి పరిగెత్తింది. వెనక తలుపు కింద ఇనప అంచు తుప్పు పట్టి ఎర్రగా ఉంది. బాబాయి చెంబులోంచి చుక్క చుక్క నీళ్ళు పోస్తుంటే అమ్మ గంధం తీసినట్టు కరక్కాయని ఆ తుప్పు మీద అరగదీసింది. నాన్న చిమ్మిలి పొట్లంలోంచి బెల్లం పలుకు వెతికి అందులో కరిగించాడు. జిగురు ఉంటే గుడ్డ మీద రంగు పరుగెత్తదు, కాయితం మీద మాత్రం ఎందుకు పరుగెత్తుతుంది? నాగరత్నం పామర్రు డబ్బా మూత పట్టింది. మూతలోకి ఒక చెమ్చాడు బూడిదరంగు నీళ్ళు దిగాయి. ఏ కారు మీద అరగదీస్తారండీ కరక్కాయ? తళతళలాడే ఆ రంగుల మీద చెయ్యి పెట్టనిస్తారా?

పదికి మూడు నిమిషాలు. కలం ముంచి రిజిస్టరులో పేరు రాశాను. నాంచారమ్మ, బి.యస్సీ.

గుమాస్తా ఒంగి చూశాడు. "ఏమీ పడలేదే! బురదనీళ్ళు పూసినట్టుంది. ఇది సంతకం కిందికి రాదమ్మా."

"ఆగండి" అన్నాను.

మేనల్లుడు కాలు దించి కుర్చీలోంచి లేచి వచ్చాడు. ముందు 'నా' తేలింది, పొగలాగా. తర్వాత సున్నా. ఒక్కో అక్షరం కాయితంలోంచి పైకి వస్తున్నట్టు నల్లబడింది. బంట్రోతు పది గంట కొడుతున్నాడు. చివరి గంట మోగేసరికి 'బి.యస్సీ.' కూడా కాటుకలా నిలబడింది. అమ్మకి అక్షరాలు రావు. అయినా ఒంగి, రంగు బాగా పట్టిందో లేదో చూసినట్టు చూసి, "పట్టింది" అంది.

నాగరత్నం ఖాళీ తట్ట దించి మేనల్లుడి మొహం తీరిగ్గా చూసింది. దానికోసమే వచ్చింది మరి.

పదిన్నరకి హెడ్మాష్టరు గారు వచ్చారు. రిజిస్టరు చూసి "ఈ ఇంకెక్కడిది? ఎంత నల్లగా ఉంది!" అన్నారు. "మా వ్యానుదండి" అన్నాను. ఆయన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి చూసి, మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఆ పాఠమే చెప్పమన్నారు. చెప్పాను. చీర మార్చుకోకుండానే చెప్పాను. అదీ మూడో సంగతి. చేరి నెలైంది, మొన్న సెలవుకి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. పెద్దనాన్నకి కూడా ఒక ప్రతి పంపుతాను. ఎవరిచేతనైనా చదివించుకుంటాడు.

మావాళ్ళు తిరుగుప్రయాణం అయ్యేటప్పటి మాట ఒకటి చెప్పి ఆపుతాను. హెడ్మాష్టరు గారు గుమాస్తాని పిలిచి, ఆ పూటే అవనిగడ్డ వెళ్ళి ఇంకు కొనుక్కురమ్మన్నారు. మళ్ళీ వాన పట్టింది. బస్సు లేదు. గుమాస్తా గొడుగు మడిచి, ఖరీదైన తెల్ల పంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మా బండి దగ్గర తచ్చాడాడు. "అవనిగడ్డ దాకా కాస్త..." అన్నాడు. ముందు సీటులో బాబాయి పక్కన నాగరత్నం అప్పటికే కూచుని ఉంది.

గేటు రెండు తలుపులూ ఆయనే బార్లా తీశాడు. వెనక ఎక్కబోతుంటే నాన్న "అయ్యా, కింద ఇనుము, ఆ గుడ్డ మీద..." అని ఏదో చెప్పబోయాడు.

అమ్మ నాన్న మోచేతి మీద గిల్లింది. పెడన నుంచి ఆ బండి ఎక్కడానికి సిగ్గుపడ్డ మా అమ్మ చెమ్మగుడ్డని మడతల్లేకుండా సర్ది, అరచేత్తో నిమిరి, ఎంతో మర్యాదగా అంది:

"కూచోండి బాబుగారూ, మెత్తగా ఉంటుంది."